నాటకశాలయు కళాశాలయు

నాటకము నేర్చుటకు కళాశాల యెందులకని అడుగు పెద్దలు మన సరిహద్దు గ్రామములలో నేటికిని కలరు. వారి ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. పావగడ తాలూకాకు మూడు దిక్కుల ఆంధ్రదేశపు పొలిమేరలే. ఇంట తెలుగు, బడిలో కన్నడము. ఇచ్చటి పల్లెలలో పౌరాణిక నాటకమును నేర్పినవాడు హార్మోనియము మేష్టరే గాని ఆచార్యుడు కాడు. తెలుగు పద్యమును కన్నడ లిపిలో వ్రాసికొని, కంఠస్థము చేసి, తెల్లవారువరకు రంగముపై నిలిచిన రైతులు ఏ పట్టము పొందినవారు? ఈ ప్రశ్నకు బదులు చెప్పక నాటకవిద్యను పొగడుట వ్యర్థము.

అయినను ఆ మేష్టరు నేర్పునదేమి? రాగము, శ్రుతి, ప్రవేశ నిష్క్రమణములు. కృష్ణుడు పద్యమెత్తుకొన్నప్పుడు దుర్యోధనుడేమి చేయవలెనో ఆయన చెప్పడు. అందుచేత ఒకడు పాడుచుండ తక్కినవారు తమ వంతుకై వేచియుందురు. సభలో 'వన్స్ మోర్' అను కేక లేచెనా, అప్పుడే ప్రాణము విడిచిన పాత్రయు లేచి మరల పాడి, మరల చచ్చును! పాడుట వచ్చిన నటులు మనకు కొల్లలుగా నుండిరి. ఎదుటివాని మాట వినుట నేర్చినవారు అరుదు. కళాశాల నేర్పవలసిన మొదటి పాఠము ఈ వినికిడియే.

మరియొక సంగతి. పల్లె నాటకము పంటల ననుసరించి బ్రతికినది. కోతలైన తరువాతి తీరిక రాత్రులే దానికి పాఠశాల. నేడు వల్లూరు, తిరుమణి మున్నగు 5 గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరముల భూమి 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రమునకు కౌలుకు పోయినది. కౌలు రూకలు వచ్చుట మంచిదే. కాని చేలతోపాటు ఆ తీరిక రాత్రులకును లెక్క మారినది. పెద్దల ప్రక్క కూర్చుండి నేర్చు విద్య ఇక తనంతట తానే బాలురకు సంక్రమించునని నమ్మి ఊరకుండుటకు వీలులేదు.

కళాశాల అక్కరలేదనువారు బళ్ళారి రాఘవను (1880–1946) సాక్షిగా నిలిపెదరు. నిజమే. ఆయన వృత్తిచేత న్యాయవాది. తెలుగున, కన్నడమున, ఆంగ్లమున నటించెను. రాగాలాపములో భావము మునిగిపోరాదనియు, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెననియు పట్టుపట్టెను. కోలాచలం శ్రీనివాసరావుగారి 'రామరాజు చరిత్రము'లో పఠాను పాత్ర ఆయనకు పేరు తెచ్చెను. కాని ఆయన మేనమామ ఎవరు? ధర్మవరం రామకృష్ణమాచార్యులు, సరస వినోదినీ సభకు ప్రాణము. కోలాచలమువారు 1908లోనే ప్రపంచ నాటక చరిత్రమును ఆంగ్లమున వ్రాసి ప్రకటించిరి. అట్టి పెద్దలున్న ఊరే ఒక కళాశాల. అట్టి మేనమామ లేని బాలునికి కళాశాలయే మేనమామ కావలెను.

కంపెనీ నాటకమువారు చదువును ద్వేషించిరనుటయు అపవాదమే. మన తుమకూరు జిల్లాలోనే, గుబ్బిలో, 1884లో పుట్టిన నాటక కంపెనీకి పిమ్మట గుబ్బి వీరణ్ణగారు అధిపతులైరి. ఇల్లు విడిచివచ్చి ఆ కంపెనీలో చేరిన బి.వి. కారంత్ అను బాలుని వారు వేషములకే కట్టివేయక, పట్టము చదువుటకు కాశీకి పంపిరి. అచ్చట నుండి ఆయన ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయమునకు పోయి, 1962లో పట్టము పొందెను. 1977లో దానికే అధ్యక్షుడయ్యెను. షేక్స్‌పియరు 'మాక్‌బెత్'ను హిందీలో ఆడించునప్పుడు యక్షగానపు పోకడలను వాడెను. తెలుగువారికి ముఖ్యమైనది మరియొకటి. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున 'కీచకవధ'తో పుట్టిన సురభి వంశములవారికి 1990వ దశకమున ఆయన శిక్షణ నిచ్చి 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' నాటకములను ఆడించెను. కడపటిది జర్మను రచయిత బ్రెక్ట్ నాటకమునకు అనుసరణము. మాయాబజారు తెరలనడుమ పుట్టి పెరిగిన నటులు బ్రెక్ట్‌ను తెలుగున పలికిరి! కంపెనీలో పుట్టిన విద్య కళాశాల చూచి, మరల కంపెనీ గుమ్మము త్రొక్కినది. కళాశాలకు ఇంతకు మించిన పరీక్ష నాకు తోచదు.

ఈ పరీక్షలో మన తెలుగు విశ్వవిద్యాలయములు నెగ్గినవా? సగమే నెగ్గినవని నా తీర్పు. 1940వ దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామిగారు ప్రయోగాత్మక నాటకరంగమును నెలకొల్పి, కళాశాలల నడుమ నాటక పోటీలు నడిపిరి. ఆ పోటీల వలన నాటకమునకు కాలనియమము, దర్శకునికి గౌరవము, నిశ్శబ్దమునకు విలువ వచ్చినవి. తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయమునను, 1985లో వెలసిన తెలుగు విశ్వవిద్యాలయమునను రంగస్థల కళలు పాఠ్యవిషయములైనవి. ఇదంతయు మేలే. కాని ఈ గద్యనాటకపు వెలుగులో పద్యము పాతసామాను క్రింద అటకెక్కినది.

నా అభియోగమెల్ల ఇచ్చటనే. పద్యము నాటకమున పాట కాదు, వాదము. తిరుపతి వేంకటకవుల రాయబార పద్యములను చూడుడు. ప్రతి పద్యమును ఎదుటివానిని కదలించుటకు వేసిన ఎత్తు. ఏ మాటపై ఊనిక, ఎచ్చట ఊపిరి, ఏ సమాసమును విడదీసి పలుకవలెను, ఏ దానిని ఒక్క గుక్కలో విసరవలెను—ఇవి నేర్పదగిన విషయములు. పాదము ముగిసినచోట గాక భావము విరిగినచోట ఆగుమని నటునికి చెప్పి చూడుడు. రాగము తానే తగ్గును, శ్రోత తానే ముందుకు వంగును. హార్మోనియము మేష్టరు దీనిని చెప్పలేకపోయెను, ఆచార్యుడు చెప్పదలపకపోయెను. ఇద్దరి నడుమ పద్యము అనాథయైనది.

కళాశాల యనగా నగరమే యని జంకువారు హెగ్గోడును తలచుకొనవలెను. శివమొగ్గ జిల్లాలోని ఆ పల్లెలో 1949లో పుట్టిన నీనాసం సంస్థ, కె.వి. సుబ్బణ్ణగారి పూనికతో 1980లో నాటక శిక్షణాలయమును తెరచినది. 1985 నుండి తన తిరుగాట బృందమును ఊరూర త్రిప్పుచున్నది. పోకతోటల నడుమ జరిగినది రాగిచేల నడుమ జరుగరాదా?

చిక్కు మరియొకచోట నున్నది. మన బాలుడు కన్నడ శిక్షణాలయమునకు పోయినచో నాటకము వచ్చును, ఇంటి తెలుగు గొంతులోనే నిలిచిపోవును. హైదరాబాదునకు పోయినచో చెవికి తెలిసిన తెలుగు కంటికి తెలియదు. బడిలో తెలుగు అక్షరము దిద్దలేదని వానిని నిరక్షరుని క్రింద జమకట్టుట అన్యాయము. రెండు భాషల ఊపు నాలుకపై నున్నవాడు నటుడగుటకు సగము అర్హత సంపాదించినవాడే. రాఘవ, కారంత్‌ల చరిత్రలు చెప్పునది ఇదియే. ప్రవేశపరీక్షలో వాని పద్యమును విని, పిమ్మట లిపి నేర్పవచ్చును. లిపి నెలల పని, పలుకు తరముల పని. కైవార తాతయ్యగారి తెలుగు కృతులు కన్నడ లిపిలో అచ్చయి మన ఇండ్లలో చదువబడుచుండగా, రెండు మూడు మంచి తెలుగు నాటకములను ఊపిరి గుర్తులతో, కఠినపదముల అర్థములతో, అదే లిపిలో అచ్చువేయుట మన సంఘములకు మోయరాని భారము కాదు. మొదట ఉద్యోగవిజయములతో ఆరంభింపవచ్చును; దానిలోని పద్యములు సగము మన పెద్దల నోటనే కలవు.