ఆరుసార్లు కొట్టాల్సిన గంట

శ్రీహరికోట అనగానే మనకు కౌంట్‌డౌన్, నిప్పులు కక్కుతూ లేచే రాకెట్, ఆ వెంటనే చప్పట్లు గుర్తొస్తాయి. 2004 ఫిబ్రవరి 23న అక్కడి అంతరిక్ష కేంద్రమైన షార్‌లో, ఘన ఇంధనం తయారుచేసే ప్లాంటులో మంటలు లేచి ఆరుగురు చనిపోయారన్న సంగతి మాత్రం ఎవరో గుర్తుచేస్తే తప్ప తలపుకు రాదు. ఆ ఇంధనం మామూలు సరుకు కాదు. రబ్బరులాంటి జిగురులో అల్యూమినియం పొడి, అమోనియం పెర్‌క్లోరేట్ కలిపి, ఆ ముద్దను మోటారు కేసులో పోసి గట్టిపడనిస్తారు. మండడానికి కావలసిన ఆక్సిజన్ కూడా అందులోనే ఉంటుంది కాబట్టి ఒకసారి అంటుకుందంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో అలాంటి ఇంధనం సుమారు 139 టన్నులు ఉంటుంది. మనం చప్పట్లు కొట్టే ప్రతి ప్రయోగం వెనుకా ఆ ఇంధనం పక్కన నిలబడి పనిచేసినవాళ్లున్నారు. 2003లో కొలంబియా వ్యోమనౌక కూలి వ్యోమగామి కల్పనా చావ్లా పోయినప్పుడు, ఇక్కడినుంచే ఎగిరిన వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌కు కల్పన-1 అని పేరు పెట్టుకున్నాం. మంచి పని చేశాం. మరి ఈ ఆరుగురి పేర్లు మనలో ఎందరి నోటికొస్తాయి?

వాళ్లకోసం ఒక గంట ఉండాలంటాను. స్తూపం ఎందరి పేర్లనైనా ఒకే రాయిలో కలిపేస్తుంది, గంట మాత్రం మనిషికొకసారి మోగుతుంది. 1975 నవంబరు 10న ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సులో ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ ఓడ మునిగితే, మర్నాడు డెట్రాయిట్ నావికుల చర్చిలో ఫాదరీ గంటను 29 సార్లు కొట్టారు, పోయినవాళ్లు 29 మంది గనుక. 1995లో ఆ ఓడ గంటను పైకి తీసి, దాని చోట 29 పేర్లు చెక్కిన మరో గంటను నీళ్లలోకి దించారు.

చర్చి ఆచారం మనకెందుకంటారా? మన ఊళ్లలో గుడికీ బడికీ చర్చికీ గంట ఉంది, అది ఎవరి సొత్తూ కాదు. గంటకయ్యే డబ్బేదో భద్రతకు పెట్టొచ్చు కదా అన్న మాట ఇంకా బరువైనది. అయితే గుర్తుపెట్టుకోవడం కూడా భద్రతలో భాగమే. మన ప్రమాదానికి ఆరు నెలల ముందే బ్రెజిల్‌లోని అల్కాంతరాలో ఘన ఇంధన మోటారు అంటుకుని 21 మంది చనిపోయారు. కొత్తగా పనిలో చేరే కుర్రవాడికి ఆ రెండు తేదీలూ తెలియాలి. నిబంధనల పుస్తకం ఏం చేయకూడదో చెబుతుంది, చేస్తే ఎవరు పోయారో చెప్పదు.

గంటను కంచె లోపల కడితే లాభం లేదు. 2019లో జనం కోసం తెరిచిన సందర్శకుల గ్యాలరీ దగ్గర కట్టాలి, పేర్లు తెలుగులో చెక్కాలి. ఏటా ఫిబ్రవరి 23న తాడు లాగాల్సింది ముఖ్య అతిథి కాదు, ఆ ప్లాంటులో షిఫ్టు చేసే కార్మికుడు.