‘బ్రహ్మమొక్కటే’ సంకీర్తనమున భూమిదృష్టాంతము

తాళ్లపాక అన్నమాచార్యుల యధ్యాత్మ సంకీర్తనములలో ‘బ్రహ్మమొక్కటే’ యనునది మిక్కిలి ప్రసిద్ధము. పండితులు దీనిని వేదాంతపరముగా వ్యాఖ్యానింతురు. సంఘసంస్కారాభిమానులు జాతిభేద ఖండనముగా కొనియాడుదురు. ఈ రెండు వ్యాఖ్యలును గీతముయొక్క సామాన్యార్థమును గ్రహించినవే గాని, కవి యెన్నుకొన్న దృష్టాంతములను వేర్వేరుగా పరిశీలించినవి కావు. గీతమర్మ మా దృష్టాంతముల తారతమ్యమునందే యున్నది.

మొదట సిద్ధాంతము విచార్యము. అన్నమాచార్యులు (1408–1503) వైష్ణవదీక్ష గొని, అహోబిలమున శఠకోపయతికడ వేదాంతము నభ్యసించినట్లు, పౌత్రుడగు చిన్నన్న రచించిన ‘అన్నమాచార్య చరిత్రము’వలన తెలియుచున్నది. అట్టి కవి పలికిన ‘ఒక్కటే’ యను మాటకు భేదములు మిథ్య యని యర్థము చెప్పజాలము. శ్రీహరి సర్వాంతరాత్మ యని మొదటి చరణముననే నిరూపితము. కావున రాజును బంటును వేఱుగానే నిలిచియుందురు. వారి నిద్ర మాత్రమే యొకటి. ఏనుగు శునకము గాదు. వానిపై పడు నెండ యొకటి.

ఈ యేనుగును శునకమును, బ్రాహ్మణుని చండాలుని చూడగనే భగవద్గీత పంచమాధ్యాయములోని 18వ శ్లోకము స్ఫురించును. కాని యచట సమత్వము పండితుని దృష్టియందున్నది. చూచువాడు జ్ఞానియైననే యది సిద్ధించును. సంకీర్తనమున సమత్వము వస్తువులయందే యున్నది. ఎండకు, గాలికి, ఆకలికి, నిద్రకు పండితుని యనుమతి యక్కఱలేదు.

ఈ దృష్టాంతములలో భూమి విలక్షణము. ఎండకు గట్టు వేయనేరరు; గాలికి పొలిమేర లేదు; నిద్ర నొకరితో నొకరు పంచుకొన వలనుపడదు. మనుష్యులు కొలిచి, ఱాళ్లు పాతి, నీది నాది యని విభజించునది నేల యొక్కటే. చిత్తూరు సీమలో రెండు చేలనడుమ గెనిమ యనబడు గట్టుండును. ఊరికిని మాలపల్లెకును నడుమ బీడో వాగో యుండెడిది. ఇరుగుపొరుగుల యెల్ల పుట్టునది నేలమీదనే. బ్రాహ్మణ చండాలుర జంటకు కవి యెండను గాలిని గాక నేలనే చెప్పుట యాదృచ్ఛికము గాదు.

ఇచట ‘మెట్టుభూమి’ యనుచోట సందేహమున కవకాశము గలదు. ‘మెట్టు’ ఎత్తైన చోటను తెలుపు నామమని గొన్నచో, పిదప వచ్చు ‘సరి’ శబ్దమునకు చదునైన యను నర్థము వచ్చి, మెరకయు చదునును జంటయగును. ఈ యన్వయము సొంపుగా తోచినను నిలువదు. బ్రాహ్మణశబ్దము ప్రథమావిభక్తియం దుండుటచే దానికి క్రియ కావలెను; చండాలశబ్దమునకు ‘ఉండు’ ధాతువువలె దీనికి ‘మెట్టు’ ధాతువే క్రియ. కావున నొకడు త్రొక్కి నడచు నేల, వేఱొకడు నివసించు నేల యని యర్థము. ‘సరి’ యనగా సమానమనియే గ్రాహ్యము. క్రియాభేదము సైతము సార్థకము: ఒకడు సంచరించువాడు, మఱియొకడు ఒకచోట నుంచబడినవాడు. ఈ వ్యవస్థ నెఱిగియే కవి వారి నేల సమానమనెను.

అట్లని కవి యెల్లలను చెఱిపివేసెనని చెప్పరాదు. గెనిమను త్రవ్వుమని యాయన యనలేదు. గెనిమ కిరువైపుల మన్నొకటే యనునంతవరకే యీ దృష్టాంతము పలుకును. ఆ పలుకును లోక మెంత యాలకించినదో చరిత్రమే చెప్పును. ఈ సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి తిరుమల యాలయ భాండాగారమున నుండెను. చండాలుడని పిలువబడినవానికి ఆలయద్వారము దాటు నధికారము మద్రాసు రాజధానిలో శాసనమూలమున లభించినది 1947లో. ఇది కవి దోషము గాదు. పాడినవారు సిద్ధాంతమును పట్టుకొని దృష్టాంతమును విడుచుటయే కారణము. ‘ఒక్కటే’ యనుదానిని బ్రహ్మమునకే యన్వయించి భూమికి మానినచో, గీతమును సగమే చదివినట్లగును. కావున పాఠశాలలయందు బోధించువారు రెండవ చరణమును మొదటిదానితో సమానముగా వివరించుట యుక్తము.