మాయ కోసం ఆగొద్దు

మా వైపు ఆవు ఈనిందని తెలియగానే చుట్టుపక్కలవాళ్లు అడిగేవి రెండే: మాయ పడిందా? జున్నుపాలు ఎప్పుడిస్తారు? దూడ కుడిచిందా అని అడిగేవాళ్లు తక్కువ. పశువుల మధ్య పెరిగిన నాకు మాత్రం ముందు ఆ మూడోదే అడగాలనిపిస్తుంది.

మనిషి బిడ్డకు కడుపులో ఉండగానే తల్లి నుంచి కొంత రక్షణ అందుతుంది. దూడకు అందదు. ఆవు మాయ ప్రతిరక్షకాలను దాటనివ్వదు. అవి దూడకు ముర్రుపాల ద్వారానే, అంటే ఆ జున్నుపాల ద్వారానే చేరాలి. అప్పుడే పుట్టిన దూడ పేగులు వాటిని ఉన్నవున్నట్టు రక్తంలోకి తీసుకోగలవు. ఆ శక్తి గంటగంటకూ తగ్గి, రోజు తిరిగేసరికి దాదాపు పోతుంది. ఆ తర్వాత తాపితే కడుపు నిండుతుంది గానీ రక్తంలోకి రక్షణ చేరదు. పారుడుతో పోయే దూడల్లో, బతికినా ఎదుగుదల లేని దూడల్లో చాలావాటి కథ ఇక్కడే మొదలవుతుంది.

మాయ పడేదాకా దూడను వదలకూడదనే పట్టింపు ఇంకా పోలేదు. మాయకు ఎనిమిది, పన్నెండు గంటలు పట్టొచ్చు. మేలైన గడువంతా అందులోనే కరిగిపోతుంది. నిజానికి దూడ కుడిచేటప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసినే పాలు చేపిస్తుంది, గర్భసంచినీ ముడుచుకునేలా చేస్తుంది. అంటే మాయ పడటానికి దూడే సాయం.

పాలకోసం పెంచని మందల్లోనూ దూడ కుడవడమే ముఖ్యం. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి, నెలోర్ పేరుతో అక్కడి మాంసపు మందలకు మూలమైంది. పచ్చిక బయళ్లలో ఈనే ఆ ఆవుల్ని పాలకోసం పితకరు. దూడ లేచి కుడిచిందో లేదో చూసుకోవడమే కాపరి పని. చన్నులు మరీ లావైతే దూడ నోటికి పట్టవు. తొలిచూలు ఆవు బెదిరి తన్నొచ్చు. కష్టపడి ఈనితే దూడ లేవలేకపోవచ్చు. అప్పుడు తల్లిని కట్టేసి, పితికి, సీసాతో తాపాల్సిందే. మన దొడ్లోనూ అంతే.

ఎన్ని ముర్రుపాలు తాపాలో లెక్క సులువు: దూడ బరువులో పదోవంతు. 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు. సగం మొదటి రెండు గంటల్లో, మిగతాది 12 గంటల్లోపు. తొలి పితుకులో ఉన్న సత్తువ తర్వాతి వాటిలో ఉండదు.

బెల్లం, మిరియాలపొడి వేసి వండిన జున్నంటే నాకూ ప్రాణమే. రెండోనాటి పాలతోనూ జున్ను గడ్డకడుతుంది. గిన్నె పట్టుకొచ్చినవాళ్లతో "రేపు రండి" అనడానికి మొహమాటం అక్కర్లేదు.