దినచర్యకు ఒక పాఠకుడు కావాలి

దినచర్య అంటే ఒక మనిషి ఏ రోజు సంగతి ఆ రోజే తేదీ వేసి రాసిపెట్టుకోవడం. ఆత్మకథ రాసేవారు జీవితం చాలావరకు గడిచాక వెనక్కి తిరిగి చూసి, ఏది చెప్పాలో ఏది వదిలేయాలో నిర్ణయించుకొని కలం పడతారు. దినచర్య రాసేవారికి రేపేం జరగబోతోందో తెలియదు కనుక, ఈ రోజు జరిగినవాటిలో ఏది గొప్పదో ఏది అల్పమో తేల్చే వీలు వారికి ఉండదు. అందుకే దినచర్యలో రాజుగారి రాకా, ఉప్పు ధరా ఒకే పుటలో పక్కపక్కన ఉంటాయి. వందేళ్ల తరువాత వచ్చే చదువరికి రాజుగారి రాక మరో పుస్తకంలోనైనా దొరుకుతుంది గాని, ఆ ఊళ్లో ఆ వారం ఉప్పు ఎంతకు అమ్మిందో ఆ పుటలో తప్ప ఇంకెక్కడా దొరకదు.

ఈ వారం ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం బొయిపరిగుడ సంతలో పకోడీలు చుట్టి ఇచ్చిన ఒక కాగితం. ఒడిశాలోని కొరాపుట్ కొండల్లో, జయపురం నుంచి మల్కన్‌గిరి వెళ్లే దారి మీద ఉన్న ఈ ఊరి సంతలో స్థానికుల దేశియా మాట, ఒడియా, తెలుగు మూడూ వినిపిస్తాయి. ఆ కాగితంలోనూ రెండు లిపులు కలిసి ఉన్నాయి. అది పాత అచ్చు డైరీలోని పుట. పై అంచున తిథి, నక్షత్రం, వర్జ్యం అచ్చయి ఉన్నాయి, సంవత్సరం ఉండవలసిన మూల చిరిగిపోయింది. మాటలు తెలుగులో, అంకెలు ఒడియాలో, నీలి సిరాతో నాలుగే సంగతులు: మధ్యాహ్నం దాటాక వాన పట్టింది, జయపురం బస్సు రాలేదు, చోళ్లు రెండు కుంచాలు కొన్నారు, వాడు ఈ రోజూ రాలేదు. చోళ్లు అంటే రాగులు; ఉత్తరాంధ్రలోనూ ఈ కొండల్లోనూ అదే వాడుక. నూనె మరక నాలుగో వాక్యం దాకా పాకింది. ఏ ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడో పాత కాగితాల వ్యాపారికి తూకానికి వేసిన పుస్తకాల్లో ఒక మనిషి రాసుకున్న సంవత్సరాలు కూడా వెళ్లిపోయాయన్నది చూసినవారికి బాధ కలిగించే విషయం.

ఈ శీర్షికను క్రమంగా చదివేవారికి, దినచర్య గురించి ఇక్కడ పలుమార్లు ప్రస్తావించిన మూడు నియమాలు గుర్తుండే ఉంటాయి. మొదటిది, మనసులోని కలత రాయడానికి ముందు వాన, ధర, ప్రయాణం, జబ్బు, కలిసిన మనిషి పేరు రాయాలన్నది. కలత అందరికీ ఒకే తీరుగా వస్తుంది గాని వాన మాత్రం ఏ ఊరికి ఆ ఊరిదే. రెండవది, అచ్చు డైరీని నమ్ముకోకుండా ప్రతి పుటలోనూ సంవత్సరాన్ని సొంత చేత్తో వేసుకోవాలన్నది. ఆ నియమానికి పై కాగితాన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదు. మూడవది, అన్నిటి కన్నా గట్టిగా చెబుతూ వచ్చినది, దినచర్య రాసినవారి కంట తప్ప మరొకరి కంట పడకూడదన్నది. ఇంకొకరు చదువుతారని తెలిస్తే రాసేవారు తమ కోపాన్ని కాస్త తగ్గించి, తమ దయను కాస్త పెంచి రాస్తారని, అప్పుడు ఆ పుస్తకం నమ్మదగిన సాక్ష్యం కాకుండా పోతుందని ఆ వాదన సారాంశం.

ఆ వాదనకు తెలుగు నేల మీద పాత ఆధారమే ఉంది. తెలుగు వ్యాపారి ఇంట్లో దినచర్యకు తొలి రూపం చిట్టా, అంటే ఆ రోజు ఇచ్చిపుచ్చుకున్నదంతా జరిగిన వరుసలోనే రాసే పుస్తకం. దాని నుంచి ఎవరి ఖాతాకు చెందినది వారి ఖాతాలోకి ఎత్తి రాసేది ఆవర్జా. చిట్టాను వ్యాపారి పరాయివారికి చూపడు, చూపడు గనుకనే అందులో అబద్ధం రాయవలసిన అవసరం అతడికి రాదు. కరణాల కవిలెలూ ఆ కోవలోనివే. గ్రామ సరిహద్దులు, మాన్యాలు, పాలకుల మార్పులు కరణం తరువాత కరణం రాసుకుంటూ వచ్చిన ఆ పత్రాలు ఊరు దాటి బయటికి వచ్చినవి కావు. భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్‌గా పనిచేసి 1821లో మరణించిన కాలిన్ మెకంజీ, ఆయన వద్ద పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగు సహాయకులు ఊరూరా ఇటువంటి పత్రాలను వెతికించి నకళ్లు రాయించడం వల్లనే చాలా గ్రామాల కైఫియత్తులు, అంటే స్థానిక వృత్తాంతాలు, నేటికి మిగిలాయి.

కొరాపుట్ కొండ ప్రాంతానికి ఇటువంటి సొంత చేతిరాత ఎంత అవసరమో చెప్పడానికి, దాని గతం ఎవరి కలంతో మనకు అందుతోందో చూస్తే చాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడే దాకా ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా కింద జయపురం జమీందారీగా ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఆదుకొని, తెలుగులోనూ ఒడియాలోనూ రచనలు చేసిన మహారాజా విక్రమదేవ వర్మ ఈ జయపురం ప్రభువే. అయినా పరిశోధకుడు మొదట చేయి చాపేది 1869 నాటి కార్మైకేల్ మాన్యువల్ వైపు, 1907 నాటి ఫ్రాన్సిస్ గెజిటీర్ వైపు, 1945 నాటి బెల్ గెజిటీర్ వైపు. వాటిలో ఏడాది వాన సగటు ఉంటుంది గాని, ఏ వాన రోజున ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఉండదు. బొయిపరిగుడ బ్లాకులోని తెంతులిగుమ్మలో పుట్టిన లక్ష్మణ్ నాయక్ 1942 ఆగస్టు 21న మాథిలి పోలీసు స్టేషను వద్దకు జనాన్ని నడిపించడం, 1943 మార్చి 29న బరంపురం జైలులో ఆయనను ఉరితీయడం దస్త్రాల్లో తేదీలతో సహా నమోదయ్యాయి. ఆ దస్త్రాలు పోలీసు కంటితో, కోర్టు కంటితో చూసి రాసినవి. ఊరి కంటితో చూసి ఆ రోజుకు ఆ రోజు రాసిన పుటకు ఉండే విలువ అంచనాకు అందేది కాదు.

ఇంతవరకు వచ్చాక తెలుగులో దినచర్య అనగానే తప్పించుకోలేని పుస్తకం ఒకటి అడ్డు వస్తుంది, అది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్, అంటే సాక్షులూ కక్షిదారులూ చెప్పే మాటలను ఇంగ్లీషు న్యాయమూర్తులకు వారి భాషలో వినిపించే ఉద్యోగి. ఆయన 1830 మే 18న మద్రాసు నుంచి పల్లకీలో బయలుదేరి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకొని, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నాల మీదుగా తీరం పట్టుకొని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. జయపురం కొండలు ఎక్కకపోయినా, వాటి దిగువన ఉన్న తీరపు దారి ఆనాడు ఎలా ఉండేదో చెప్పడానికి ఆయన పుస్తకాన్ని మించిన తెలుగు సాక్ష్యం లేదు.

ఆ పుస్తకం గొప్పదనం తీర్థ మాహాత్మ్యాల వర్ణనలో కన్నా మజిలీల వివరాల్లో ఉంది. ఒక ఊరికి చేరగానే ఆయన కలం మొదట చూసేది అక్కడ నీళ్లు ఎలా ఉన్నాయి, కట్టెలు దొరుకుతాయా, అంగళ్లు ఎన్ని, దిగడానికి సత్రమో తోపో ఉందా, దారి ఇసుకా రేగడా, ఏ నాణెం చెల్లుతుంది, మారకంలో ఎంత పోతుంది అన్న సంగతులు. కుంఫిణీ ఏలుబడిలోని సీమకూ నిజాం సీమకూ ప్రయాణికుడి భద్రతలో తేడా ఏమిటో, బోయీలను ఎలా కుదుర్చుకోవాలో, పండాలతో ఎలా వ్యవహరించాలో ఆయన చెబుతారు. భాష కూడా పండితుల గద్యం కాదు. ఉర్దూ, ఇంగ్లీషు, అరవ మాటలు కలిసిన ఆనాటి చెన్నపట్నపు వాడుక తెలుగు. వాడుక భాషా వాదం ఉద్యమంగా రూపుదిద్దుకోవడానికి ఏడెనిమిది దశాబ్దాల ముందే, వాదం ఏదీ చేయకుండా, ఒక కోర్టు ఉద్యోగి ఆ పని చేసి చూపించారు.

ఇక్కడే మూడవ నియమానికి చిక్కు వస్తుంది. వీరాస్వామయ్య ఈ సంగతులన్నీ రాసింది తన పెట్టెలో దాచుకోవడానికి కాదు. మద్రాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు దారి పొడుగునా పంపిన లేఖల రూపంలో అవి పుట్టాయి. వాటిని జాగ్రత్త చేసి, వరుసపెట్టి, వీరాస్వామయ్య 1836లో మరణించిన తరువాత 1838లో అచ్చు వేయించినవాడూ ఆ మిత్రుడే. 1941లో దిగవల్లి వేంకట శివరావు వివరణలతో మళ్లీ వెలువరించడానికి మూలం మిగిలిందంటే, అది మొదటి పాఠకుడి చలవ. ఆ పాఠకుడు దారి చూడలేదు కనుక దారి వర్ణించవలసి వచ్చింది, ఆ ఊరి నాణెం ఎరగడు కనుక దాని మారకం చెప్పవలసి వచ్చింది, స్నేహితుడు కనుక పండిత గద్యం అవసరం రాలేదు. నీళ్లూ, కట్టెలూ, మారకమూ అన్నీ ఎదుటివాడికి తెలియాలన్న అక్కర నుంచి పుట్టినవే.

దీని పక్కన గురజాడ అప్పారావు డైరీలను పెట్టి చూస్తే తేడా మరింత తేటపడుతుంది. 1915లో మరణించిన గురజాడ వాడుక తెలుగు కోసం జీవితమంతా పోరాడినవాడు, కన్యాశుల్కంలో విజయనగరం వీధి మాటకు ప్రాణం పోసినవాడు. అయినా తన కోసం తాను రాసుకున్న డైరీలు ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉన్నాయి, చాలాచోట్ల పొడిపొడి మాటల్లో ఉన్నాయి, ఆయన తరువాతి తరాల సంపాదకులూ అనువాదకులూ శ్రమపడితేనే తెలుగు పాఠకుడికి అందాయి. అవి అమూల్యమైనవే. అయితే ఎదుట ఎవరూ లేనప్పుడు చదువుకున్నవాడి కలం చదువు చెప్పిన భాషలోకే జారుతుందని, ఎదుట ఒక స్నేహితుడు ఉన్నప్పుడు ఇంటి భాషలోకి వస్తుందని ఈ రెండు పుస్తకాలూ కలిసి చెబుతున్నట్టుంది.

సంత కాగితంలోని నాలుగో వాక్యం కూడా ఇదే చెబుతుంది. ‘వాడు’ అన్నది కొడుకో, తమ్ముడో, బాకీ ఉన్న మనిషో రాసినవారికి తెలుసు, తమకు తెలిసినదాన్ని తమకే చెప్పుకోవడం ఎందుకని వదిలేశారు. ఆ పుస్తకాన్ని చదివే మనిషి ఒక్కరు ఉండి ఉంటే, ఎవరు రాలేదో ఎక్కడి నుంచి రావాలో ఆ పుటలోనే ఉండేది. పైగా, ఎవరూ చదవని పుస్తకానికి ఇంట్లో దాచేవారు కూడా ఉండరు. రహస్యం దినచర్యకు నిజాయితీ ఇస్తుందన్న మాట కొంతవరకు సరైనదే గాని, ఆ నిజాయితీ తరువాతి వారికి అర్థం కావాలన్నా, అసలు మిగలాలన్నా, రెండో మనిషి ఒకరు ఉండాలి. అట్లాగని వేలమంది కోసం రాయడం దీనికి మందు కాదు. వేలమంది ముందు కలం నటిస్తుంది, వారి సంఖ్య తగ్గిన రోజున రాయడమే మానేస్తుంది. కావలసింది పేరు తెలిసిన ఒక్క పాఠకుడు, రాయకపోతే ఎందుకు రాయలేదని అడిగే ఒక్క మనిషి.

ఒకదాన్ని ఇలా మరొకరి చేతిలో పెట్టి నిలబెట్టుకొనే పద్ధతి బొయిపరిగుడ ప్రాంతానికి కొత్తది కాదు. ఈ బ్లాకులోని పాత్రపుట్‌కు చెందిన కమలా పూజారి, 2019లో పద్మశ్రీ అందుకొని 2024 జులైలో కన్నుమూసిన ఆదివాసీ రైతు, నూటికి పైగా నాటు వరి రకాలను కాపాడారు. గాదెలో మూసిపెట్టిన విత్తనం కొన్నేళ్లకు మొలక శక్తి పోగొట్టుకుంటుంది కనుక, దాన్ని విత్తుతూ, పొరుగువారికి ఇస్తూ, వారి పొలం నుంచి మళ్లీ తీసుకుంటూ ఉంటేనే రకం నిలుస్తుంది. ఒకరి పొలంలో పంట పోయినా మరొకరి దగ్గర ఉంటుంది. కొరాపుట్ సంప్రదాయ సాగును 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించడానికి వెనుక ఉన్నది ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడమే. రాతకూ అదే వర్తిస్తుంది.

జయపురం, రాయగడ, గుణుపురం, బొయిపరిగుడలలోని తెలుగు ఇళ్లలో ఈ మాట మరీ ముఖ్యం. ఇక్కడి పిల్లలు బడిలో ఒడియా గాని ఇంగ్లీషు గాని చదువుతున్నారు, ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడతారు, చాలామందికి లిపి రాదు. తాత రాసిన డైరీ మనవడికి అక్షరాల వరుసగానే కనిపిస్తుంది, అటువంటి పుస్తకం తూకానికి పోవడంలో ఆశ్చర్యం లేదు. అందువల్ల మొదటి రెండు నియమాలను యథాతథంగా ఉంచి, మూడవ నియమాన్ని ఈ శీర్షిక ఇక మీదట చెప్పబోదు. దినచర్య రాస్తున్న పాఠకులందరికీ దాని బదులు చేసే విన్నపం ఇది: మీ పుస్తకం ఒక్క మనిషి కోసం రాయండి, ఆ మనిషి ఎవరో అట్ట లోపల పేరు వేయండి, ఆ మనిషికి తెలుగు చదవడం రాకపోతే ఈ వేసవిలోనే నేర్పడం మొదలుపెట్టండి.