‘పాలీసు’ బండ: ఒక ఆంగ్లపదం ఉచ్చారణ, అర్థవిస్తృతి

కీలక పదాలు: ఆదానపదం, ఉచ్చారణ, గ్రామ్యం, అనుబంధ క్రియ, వృత్తిపదజాలం

ఉపోద్ఘాతం

బేతంచెర్ల 2022 వరకు కర్నూలు జిల్లాలోనిది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. తెలుగువారికి ఈ ఊరు ఇంటి నేలపై పరిచే బండల ద్వారా పరిచితం. పలకలుగా విడివడే ఇక్కడి నాపరాయిని భూగర్భశాస్త్రం నార్జి సున్నపురాయిగా గుర్తిస్తుంది. కడప, కర్నూలు రాతిశ్రేణులపై విలియం కింగ్ 1872లో వెలువరించిన గ్రంథం ఈ రంగంలో తొలి ప్రామాణిక రచనలలో ఒకటి. ఈ బండల వ్యాపారంలో విడదీయరాని మాట ‘పాలిష్’. చదువుకున్నవారు ‘పాలిష్’ అంటారు. ఆంగ్లవిద్య అంటని నోట అదే ‘పాలీషు’, ‘పాలీసు’ అవుతుంది. రెండవదానిని అపభ్రంశమని తోసిపుచ్చే అలవాటు ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఉచ్చారణ

ఆంగ్లంలో ఒకే వర్ణక్రమం గల రెండు పదాలున్నాయి. నునుపు చేయడం అనే అర్థంలో ‘పాలిష్’, పోలండ్ దేశానికి చెందిన అనే అర్థంలో ‘పోలిష్’. రాతలో వాటిని వేరు చేసేది మొదటి పెద్దక్షరం మాత్రమే. తెలుగు లిపిలో పెద్దక్షరాలు లేవు. అయినా ఆ, ఓ అనే అచ్చుల భేదం వల్ల తెలుగు రాతలో ఈ రెండింటికీ సందిగ్ధత లేదు. ఇందులో యాదృచ్ఛికత లేదు. డాక్టరు, కాలేజీ వంటి పదాలలో ఆంగ్లపు వివృతాచ్చు తెలుగులో ‘ఆ’ అయింది. కోటు, నోటు వంటి పదాలలోని సంయుక్తాచ్చు ‘ఓ’ అయింది.

రెండవ అక్షరంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. ఆంగ్లంలో హ్రస్వమైన ఇకారం ఆఫీసు, నోటీసు, ఇంగ్లీషు పదాలలో దీర్ఘమైంది, ‘పాలీషు’లోనూ దీర్ఘమైంది. చివర ఉకారం చేరడం తెలుగు అజంతస్వభావానికి అనుగుణం. ‘ఇంగ్లీషు’ ‘ఇంగిలీసు’ అయినట్లే ఇక్కడా షకారం సకారమైంది. ఫలితంగా ‘పాలీసు’, ‘పోలీసు’ అనే పదాలకు తొలి అచ్చొక్కటే భేదకమైంది. ఆ ఒక్క భేదాన్ని నిలుపుకున్నంతకాలం వ్యవహర్తకు ఇబ్బంది ఉండదు.

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తెలుగు పదాలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విభజించింది. లక్షణానికి విరుద్ధమైనది గ్రామ్యం. పైన చూపిన మార్పులన్నీ లక్షణబద్ధమైనవే కనుక ‘పాలీసు’ను ఆ కోవలో చేర్చడానికి ఆధారం లేదు. అది తెలుగు ధ్వనిసూత్రాల వెంట నడిచిన ఆదానపదం.

అర్థం

నునుపు చేయు అనే అర్థం గల లాటిన్ ధాతువు నుండి ఫ్రెంచి మీదుగా ఈ పదం ఆంగ్లానికి చేరింది. అక్కడ అరగదీయడం, పూత పూయడం, మెరుపు, నాగరిక ప్రవర్తన అన్నీ ఒకే పదంలో ఇమిడిపోయాయి. తెలుగు మాత్రం అనుబంధ క్రియలతో వాటిని విడదీసింది. బండకు, బియ్యానికి పాలిష్ ‘పడతారు’. బూట్లకు పాలిష్ ‘వేస్తారు’. సాన పట్టడం, పిండి పట్టడం వంటి ప్రయోగాలలోని ‘పట్టు’ రాపిడిని, అరుగుదలను సూచిస్తుంది. ‘వేయు’ పైపూతను సూచిస్తుంది. ఒకటి తీసివేత, మరొకటి చేర్పు. ‘పాలిష్ చేయు’ అన్నప్పుడు ఈ తేడా మరుగున పడుతుంది. ‘మెరుగు, నునుపు, నాగరికత’ అని సమానార్థకాలను వరుసపెట్టి ఊరుకునే నిఘంటుపద్ధతి కూడా ఈ సూక్ష్మతను అందుకోలేదు.

విలువ కూడా వస్తువును బట్టి మారుతుంది. ఇంటిలోపలి బండకు పాలిష్ గుణం. తడిసే వాకిట్లో అదే జారుడుకు కారణం. బియ్యానికి పాలిష్ ఎక్కువైతే తవుడుతో పాటు పోషకాలూ పోతాయి. కాగా భాషను ‘పాలిష్’గా ఉందని మెచ్చుకొనేటప్పుడు ఏమి అరిగిపోయిందని మనం అడగము. రాయలసీమ పలుకుబడిని మొరటుదని తీర్పు చెప్పేవారు ఈ ప్రశ్న వేసుకోవలసి ఉంది. తరగతిగదిలో ‘పాలీసు’ అన్న విద్యార్థిని ఎగతాళి చేస్తే అతని ఉచ్చారణ మారవచ్చు. దానితోపాటు ఇంటిమాటపై గౌరవమూ సన్నగిల్లవచ్చు.

ముగింపు

భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం, పనిచేసేవారి నోటిమాటే ప్రమాణమనే పద్ధతిని నెలకొల్పింది. ఆ పద్ధతి రాతి గనులకు, కోత యంత్రాల వద్దకు, పాలిష్ ఫ్యాక్టరీలకు విస్తరించాలి. పదాన్ని మాత్రమే కాక దానితో వచ్చే క్రియను, ఉచ్చారణభేదాలను, పనిలోని దశను కలిపి నమోదు చేయాలి. ప్రామాణిక రూపంగా ‘పాలిష్’ను బోధించడంలో దోషం లేదు, దాని పక్కన ‘పాలీసు’కు వ్యవహారరూపంగా స్థానమివ్వడం న్యాయం.