నీళ్ళెవరు చేదిండ్రు?

ఈ వ్యాసంలో నేను సమీక్షిస్తున్న రచనకి కవర్ పేజీ ఉంది గానీ రచయిత పేరు లేదు. ఏడు పేజీల పీడీఎఫ్. మహబూబ్‌నగర్‌లో మా అమ్మా నాయినా ఉంటున్న రెండువందల గజాల ఇంటి చుట్టూ మిగిలిన జాగాని మార్చడానికి ఒక గార్డెన్ డిజైనర్ తయారుచేసిచ్చిన ప్లాన్. రెండో పేజీలో ‘బిఫోర్’, చివరి పేజీలో ‘ఆఫ్టర్’. బిఫోర్‌లో బోరు మోటారు, అంచు పగిలిన గోలెం, ఒక జామచెట్టు, దండెం మీద నాయిన లుంగీ. ఆఫ్టర్‌లో ఇవేవీ లేవు. లాన్ ఉంది, తెల్ల గులకరాళ్ళున్నాయి, రెండు ఫాక్స్‌టెయిల్ పామ్ చెట్లున్నాయి, వెదురు కుర్చీలో కూచుని కాఫీ తాగుతున్న విదేశీ వనిత ఉంది. ఆమెను చూసి మా అమ్మ, “ఈమె గూడ వస్తదా ప్లానుతోటి?” అనడిగింది.

డబ్బులు కట్టి చేయించింది నేనే. కాబట్టి ఈ సమీక్షలో మొదటి ముద్దాయిని కూడా నేనే.

సాహిత్య పత్రికలో తోటల గొడవేమిటని మీరు అడగొచ్చు. మన ఆలంకారికులు కావ్యానికి చెప్పిన పద్దెనిమిది వర్ణనల్లో ఉద్యానవనం ఒకటి. నగరం, సముద్రం, కొండ, ఋతువులు, చంద్రోదయం, వీటి సరసన తోట. అంటే తోటని చదవడం మనకి కొత్తేం కాదు. పాలమూరు మనిషి, ఇటిక్యాలపాడులో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి, 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో మన కావ్యాలన్నీ గాలించి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడుకున్నారు అని వెతికారు. ఆయన పద్యంలో ఇంటిని వెతికారు కదా, నేను ఇంటిని పద్యంలా చదివి చూద్దామనుకున్నాను.

అయితే ఆ పద్దెనిమిదిలో ఉద్యానవనం ఉంది గానీ పెరడు లేదు. ఉద్యానవనంలోకి నాయిక చెలికత్తెలతో వస్తుంది, పూలు కోస్తుంది, వెళ్ళిపోతుంది. ఎండాకాలంలో ఆ పాదుల్లో నీళ్ళెవరు పోశారన్నది కథలోకి రాదు. పెరడు కావ్యంలోకి రాలేదు, సామెతలోకి వచ్చింది. అదీ పెరటి చెట్టు మందుకు పనికిరాదని చెప్పడానికి.

ఇక పీడీఎఫ్‌లోకి వద్దాం. ఇందులో మెచ్చుకోదగ్గవి రెండున్నాయి. మేడ మీద పడ్డ వాననీళ్ళు ఇప్పుడు గొట్టంలోంచి రోడ్డు మీదికి పోతున్నాయి. వాటిని బోరు పక్కన ఇంకుడుగుంతలోకి మళ్ళించమన్నాడు. మంచి మాట. వంద గజాల మేడంటే ఎనభై నాలుగు చదరపు మీటర్లు. ఏడాదికి ఆరువందల మిల్లీమీటర్ల వాన కురిస్తే యాభైవేల లీటర్లు. ఇంతకాలం వాటిని రోడ్డుకి పోశాం. రెండోది, గచ్చు కొంత పగలగొట్టి మట్టి బయటపెట్టమన్నాడు. ఇదీ ఒప్పుకోవాల్సిందే.

పేచీ నాలుగో పేజీలోని మొక్కల జాబితాతో. ఫాక్స్‌టెయిల్ పామ్, ఫైకస్, అరేలియా, మెక్సికన్ గ్రాస్. కింద ‘సప్లయి: కడియం’. రాజమండ్రి దగ్గర కడియం నర్సరీల సంగతి తెలిసిందే, దేశం నలుమూలలకీ అక్కణ్ణించి లారీల్లో మొక్కలు పోతాయి. ఆ రైతుల పనితనం మీద నాకు గౌరవమే. కానీ ఆ మొక్క గోదావరి ఒండ్రులో, కాలవ నీళ్ళ పక్కన పెరిగింది. మాది ఎర్ర చెల్క. రెండడుగులు తవ్వితే మొరం, ఇంకాస్త తవ్వితే బండ. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు రెండింట్లోనూ పడేది ఆరేడువందల మిల్లీమీటర్ల వాన. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మిగతా ఎనిమిది నెలలూ ఆ చెట్టుని మనం బతికించాలి.

తెలంగాణ కథకులు తమ ఇంటి మాటల్లో రాసి ఒప్పించడానికి ఎంత కాలం పట్టిందో ఈ పత్రిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. కృష్ణా, గోదావరి జిల్లాల తెలుగు ప్రామాణికమైంది, మేం మాట్లాడేది ‘యాస’ అయింది. ఇప్పుడు పాలమూరు కథ పాలమూరు మాటల్లోనే వస్తోంది. పాలమూరు తోట మాత్రం ఇంకా ప్రామాణిక భాషలోనే వస్తోంది. ఉదాహరణకి తంగేడు. బతుకమ్మలో అది లేకుంటే కుదరదు, రాష్ట్ర పుష్పం కూడా. గుట్టల మీద, చెలకల గట్ల మీద ఒక్క చుక్క ఎవరూ పోయకపోయినా పసుపురాశిలా పూస్తుంది. అది పీడీఎఫ్‌లో లేదు. నేను తిరిగిన మూడు నర్సరీల్లోనూ దొరకలేదు. “అది మొక్క కాదు సార్, పిచ్చిచెట్టు” అన్నాడొకాయన.

అయిదో పేజీలో ‘స్కేలబుల్’ అనే మాటుంది. ఇదే డిజైన్ బాల్కనీకీ, ఇంటికీ, ఫామ్‌హౌస్‌కీ సరిపోతుందట. నా ఉద్యోగంలో రోజూ వినే మాట ఇది. పదిమంది వాడే ప్రోగ్రాము పదిలక్షల మందికి పనిచేయాలంటే దాన్నే పెద్దది చేస్తే చాలదు, మళ్ళీ మొదట్నించి ఆలోచించాలని మాకు దెబ్బలు తిన్నాకే తెలుస్తుంది. తోటల్లోనూ అంతే. జాగా సైజు మారితే తోట సైజొక్కటే కాదు, తోట అనే మాటకి అర్థమే మారిపోతుంది.

చిన్నది చూడండి. పల్లెల్లో డబుల్ బెడ్రూమ్ ఇల్లంటే 125 గజాల జాగాలో 560 చదరపు అడుగుల కట్టడం. 560 అడుగులంటే 62 గజాలు. లెక్కప్రకారం సగం జాగా మిగలాలి. అక్కడ ఒక మునగ, స్నానాల నీళ్ళు పారేచోట అరటి, గోడకి ఆనించి పందిరేస్తే బీర, చిక్కుడు, మడిలో పుంటికూర. ఆ ఇంటికి తోటంటే కూరగాయల ఖర్చులో తగ్గింపు. డిజైన్ అంతా ఒక్క ప్రశ్నలోనే ఉంది: వాడిన నీళ్ళు ఎటు పారుతున్నాయి?

మాది మధ్య రకం. ఇంటి పక్కన వదిలిన సెట్‌బ్యాక్ ఒక మీటరు, ముందు మీటరున్నర. రెండు అంతస్తుల గోడల మధ్య ఆ సందులో రోజుకి రెండు గంటల ఎండ కూడా పడదు. బొమ్మలో మాత్రం అక్కడ గడ్డి మిలమిల మెరుస్తోంది. బొమ్మ గీసే సాఫ్ట్‌వేర్లో సూర్యుణ్ణి ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

పెద్దది బెంగుళూరు హైవే మీద కనిపిస్తుంది. షాద్‌నగర్ దాటి జడ్చర్ల దాకా రెండువైపులా గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు. మధ్యలో బాలానగర్ వస్తుంది. సీతాఫలంలో పేరుమోసిన ‘బాలానగర్’ రకం ఈ ఊరి పేరు మీదే ఉంది. ఆ దారిలో నేను చూసిన వెంచర్ల గేట్ల దగ్గర నిలబడ్డవి మాత్రం రాయల్ పామ్ చెట్లు. రెండు గుంటల లాన్ అనుకోండి, దాదాపు రెండువందల చదరపు మీటర్లు. నడి ఎండాకాలంలో గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకి ఆరు మిల్లీమీటర్ల నీళ్ళు పెట్టాలనుకుంటే, పన్నెండువందల లీటర్లు. ఇరవై లీటర్ల తాగునీళ్ళ క్యాన్లలో కొలిస్తే అరవై క్యాన్లు. రోజుకి.

బిఫోర్, ఆఫ్టర్ అంటే మహబూబ్‌నగర్ వాళ్ళకి ఇంకో చెట్టు గుర్తురావాలి. మూడెకరాల దాకా పరుచుకున్న, ఏడువందల ఏళ్ళదని చెప్పుకునే పిల్లలమర్రి. చిన్నప్పుడు దాని కొమ్మలు పట్టుకుని ఊగినవాళ్ళలో నేనూ ఉన్నాను. 2017 చివర్లో కొమ్మలు విరిగిపడ్డాక జనాన్ని రానివ్వడం ఆపేశారు. 2018లో చెదపురుగుల మందు నింపిన సెలైన్ సీసాలు కట్టి, చుక్క చుక్కగా చెట్టుకి ఎక్కించారు. ఏళ్ళ తరబడి ఫొటోలకి నిలబెట్టిన చెట్టుకి చివరికి కావాల్సొచ్చింది నర్సు.

ఇక్కడిదాకా రాసి, ముగింపుగా మా నాయనమ్మ పెరడు గురించి రాద్దామనుకున్నాను. జడ్చర్ల దగ్గర పల్లెలో పాత పెంకుటిల్లు, వెనక చేదబావి, జామ, నిమ్మ, దానిమ్మ, మైదాకు, కనకాంబరాలు, పందిరి నిండా ఆనపకాయలు. డిజైనర్ లేడు, పీడీఎఫ్ లేదు, అయినా ఎంత చక్కటి తోట! ఇదీ నా వాదం. ఆ పేరా అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది:

“మంచిగనే రాసినవ్ బిడ్డా. నీళ్ళెవరు చేదిండ్రు?”

మా అమ్మ పుట్టిల్లు నల్లగొండ జిల్లాలో మునుగోడు వైపు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగొద్దంటారు. ఆ ప్రాంతపు బావులూ, బోర్లూ ఎన్నో ఆ గీత దాటినవే. ఆ నీళ్ళతో బత్తాయి తోటలు పచ్చగా పెరిగాయి, మనుషుల ఎముకలు వంగిపోయాయి. మిషన్ భగీరథకి 2015లో పైలాన్ వేసింది అదే జిల్లా చౌటుప్పల్‌లో. కానీ అమ్మ చిన్నతనం అంతకుముందే బిందెల కింద గడిచిపోయింది. తాగడానికి మంచినీళ్ళు లేని ఊరినుంచి వచ్చి, చెట్లకి నీళ్ళు పోసే ఇంట్లో కోడలైంది. పొద్దున ఇరవై బొక్కెనలు, సాయంత్రం ఇరవై. “మీ నాయనమ్మ ఏ చెట్టుకెన్నో చెప్పేది. నేను చేదేదాన్ని. ఆకులూడ్సుడు గూడ నాదే.” మరి ఇప్పుడేం కావాలమ్మా అంటే, “టైల్స్ ఎయ్యిండ్రి. తుడిస్తే అయిపోతది” అంది.

నేను మెచ్చుకున్న రచనకి రెండో రచయిత ఉన్న సంగతి, ఆమె పేరు కవర్ మీద లేదన్న సంగతి నాకప్పుడు తెలిసింది. పేరు లేని పీడీఎఫ్‌ని వెక్కిరిస్తూ మొదలుపెట్టినవాణ్ణి కదా, చప్పున సిగ్గేసింది.

ఆ ప్రశ్న మా ఇంటి గోడ దగ్గరే ఆగదు. దొరల గడీలకి నీళ్ళు మోసింది వెట్టి మనుషులు. ఒక్కో కులానికి ఒక్కో చాకిరి. 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకి నేలకొరిగాడు. ఆ పోరాటాన్ని మనం భూమి కోసం జరిగిందని ఎక్కువగా చెప్పుకుంటాం. అది వెట్టి మీద కూడా జరిగింది, అంటే గడీ గోలెం నింపడం మీద కూడా. ‘పాలమూరు లేబర్’ అన్న మాట దేశంలో ఎక్కడెక్కడి ప్రాజెక్టుల దగ్గరో వినపడేది. ఊళ్ళకి నీళ్ళు తెచ్చే కట్టలకి మట్టి మోసినవాళ్ళ ఊళ్ళో నీళ్ళు లేవు. హైదరాబాదులో మా ఆఫీసు లాన్‌కి పైపు పట్టుకుని నిలబడే ఆమెది మక్తల్ దగ్గర పల్లె. నాలుగేళ్ళుగా ఆ పచ్చిక పక్కన నడుస్తూ, మొన్న ఈ వ్యాసం పుణ్యమా అని అడిగితే తెలిసింది.

కాబట్టి నా మొదటి వాదాన్ని కొంత వెనక్కి తీసుకుంటున్నాను. కడియం మొక్క పరాయిది, మనది కాదు అనడం తేలిక. సీతాఫలం అమెరికా ఖండం నుంచి వచ్చింది. బత్తాయి పేరే బటేవియా నుంచి వచ్చిందంటారు. అవి మనవెలా అయ్యాయి? ఈ నేలలో, ఈ వానతో, మనుషుల్ని మరీ అరగదీయకుండా బతకడం నేర్చుకున్నాయి కాబట్టి. అదే కొలత నాయనమ్మ పెరటికి పెట్టినా పూర్తి మార్కులు రావు. అందులో దానిమ్మలున్నాయి, పూలున్నాయి, దాంతోపాటు అమ్మ భుజం నొప్పి కూడా ఉంది. రెండూ చెప్పకపోతే అది విమర్శ కాదు, బ్రోచరే.

అలాగని టైల్స్ వేసేయడానికి కూడా మనసొప్పలేదు. ఏప్రిల్‌లో ఆ గచ్చు మీద కాలు పెట్టలేం. ఆదివారం ఊరెళ్ళి, ముగ్గురం పీడీఎఫ్ ముందేసుకుని కూచున్నాం. లాన్ కొట్టేశాం. పామ్ చెట్లు కొట్టేశాం. ఇంకుడుగుంత ఉంచాం. గిన్నెలు కడిగిన నీళ్ళకి ఒక గొట్టం వేసి జామ పాదులోకి వదలాలి, చేత్తో మోసేదేం ఉండొద్దు. వెనక సగం అమ్మ కోరిన టైల్స్, సగం మట్టి. ముందు గేటు పక్కన తంగేడు. మొక్క దొరకదు కాబట్టి గుట్ట మీద ఎండిన కాయలు ఏరుకొచ్చి గింజలు వేయాలి.

అమ్మ ఒక్కటే షరతు పెట్టింది. “నీళ్ళు నేను పొయ్య.”

నాయిన ఏమీ అనలేదు. లేచి పోయి, గోలెం అంచు పగిలిన చోట సిమెంటు పెట్టొచ్చా అని చూస్తున్నాడు.