పాట ఎత్తుకునే గొంతు

దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు ఊళ్ల చర్చిల్లో పాట ఎత్తుకునే పెద్దాయన పనితనం చూసి తీరాలి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆయన చూపు మాత్రం మనుషుల మీదే. ముసలమ్మలకూ పిల్లలకూ అందే శ్రుతిలో పల్లవి ఎత్తుతాడు. చదువు రానివాళ్ల కోసం చరణాన్ని పాదం పాదంగా విరిచి ముందు తాను చెబుతాడు. తాళం జారకముందే జనం అందుకుంటారు. కంజీర వేగం పెరిగిందా, కంటిసైగతోనే తగ్గిస్తాడు. పాటలో మాట వినబడాలి మరి! పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు బైబిలు వాక్యాన్ని పల్లవి, చరణాల్లోకి మలిచారు. భద్రాద్రి రామదాసు కీర్తనల నడకా అదే. ప్రతి చరణం తర్వాత పల్లవికి రావడంలోనే విశ్వాస జీవితపు సాధన ఉందనిపిస్తుంది నాకు. విశ్వాసం చేతల్లో కనబడాలన్న యాకోబు పత్రిక బోధ, క్షమించమన్న క్రీస్తు ఆజ్ఞ బైబిలు చదవలేని నోళ్లకు ఇలాగే కంఠస్థమవుతాయి. సోమవారం మిరప చేలో కాయ కోస్తూ వాళ్లు మళ్లీ పాడుకునేవి ఆ పాదాలే. ఇప్పుడు చాలాచోట్ల ఈ పని కీబోర్డుకు అప్పగిస్తున్నారు. పాస్టర్లకు నా మనవి: వారానికి ఒక్క కీర్తనైనా పెద్దాయనతో ఎత్తించండి, పక్కన ఒక కుర్రాణ్ణి నిలబెట్టి నేర్పించండి.